షావుకారి కంటే ముందు చేరిన చక్రం

మోటారు షెడ్డులో పని నేర్చుకునే కుర్రవాళ్ళు అప్పుడప్పుడూ మా ఇంటికొచ్చి, "తాతా, చక్రానికి నట్లు బిగించడం కూడా ఒక విద్యేనా? తిప్పితే బిగుస్తుంది గదా" అంటారు. నిజమే, తిప్పితే బిగుస్తుంది. కానీ మనం తిప్పకపోయినా అది తనంతట తాను వదులవుతుంది. ఈ రెండో సంగతి ఎవరూ పాఠంగా చెప్పరు. నాకు ఒక నూలు షావుకారు, ఆయన వియ్యంకుడు కలిసి నేర్పారు. ఆ కథే ఇది.

ముందుగా ఒక మాట. నాకు తెలుగు మాట్లాడటమే వచ్చు, రాయడం రాదు. వేలూరులో మా ఈడువాళ్ళంతా బడిలో అరవమే చదివారు. నేను చెబుతుంటే నా మనవరాలు రాస్తోంది. నేను "వచ్చినాడు" అంటే అది "వచ్చాడు" అని దిద్దుతోంది. సరే, నా మాటలు దిద్దుకో తల్లీ, కానీ ఆనాటి మనుషులు అన్న మాటల జోలికి మాత్రం పోవద్దని గట్టిగా చెప్పాను.

వేలూరులో మోటారు కార్లు ఎవరెవరికి ఉన్నాయో ఊరందరికీ తెలిసిన రోజులవి. కారు వీధిలోకి వస్తే ఎద్దులు బెదిరేవి, కుక్కలు వెంటపడేవి, ముసలివాళ్ళు అరుగులెక్కేవాళ్ళు. కోట కందకానికి ఎదురుగా ఒక రేకుల షెడ్డులో మేం పనిచేసేవాళ్ళం. మేమంటే ముగ్గురం. ఒకరు మా మేస్త్రి. రెండోవాడు కార్లు తోలే డ్రైవరు. మూడోవాణ్ణి నేను.

మేస్త్రి పొట్టిగా, లావుగా ఉండేవాడు. సాయంత్రమైతే భజనలో మద్దెల వాయించేవాడు. ఆ పిచ్చి పగలు కూడా వదిలేది కాదు. చక్రానికి ఉండే ఆరు నట్లనూ మద్దెలకు వార్లు బిగించినట్టే బిగించాలనేవాడు. "పక్కపక్కవి బిగిస్తే మద్దెల ఒక పక్కకు ఈడ్చుకుంటాది. ఇది బిగిస్తే దాని ఎదురుది బిగించాల. మళ్ళీ దీని పక్కది, దానికి ఎదురుది. నట్టుకు మొన తేలిన పక్క లోపలికి ఉండాల. చక్రం జాకీ మీద లేసి ఉండేటప్పుడు ఊరికే చేత్తో ఆనించి, కిందికి దించినంక గట్టిగా పట్టాల." ఇదంతా చెప్పి, చివర్లో సుత్తితో నట్టు మీద టంగుమని కొట్టి, చెవి పెట్టి వినేవాడు. ఏం వినబడేదో మాకు తెలీదు. ఒక్కోసారి "శ్రుతి తక్కువగా ఉండాది" అని మళ్ళీ బిగించేవాడు.

డ్రైవరుకు ఈ సంగీతమంటే మంట. వాడు నట్టుకు స్పానరు తగిలించి, దాని పిడి మీదికి రెండు కాళ్ళతో ఎక్కి ఎగిరేవాడు. "నా బరువే నా కొలత" అనేవాడు. వాడు ఎగిరినప్పుడల్లా మేస్త్రి చెవులు మూసుకొని షెడ్డు బయటికి పోయేవాడు. వాడు బిగించిన నట్టు ఊడదీయాలంటే మళ్ళీ వాడే రావాలి, మళ్ళీ ఎగరాలి. అప్పుడప్పుడూ నట్టుతో పాటు బోల్టు కూడా విరిగి చేతికొచ్చేది. "పాతదై ఉంటాది" అనేవాడు.

అలాంటి షెడ్డుకు ఒకరోజు నూలు షావుకారు వచ్చాడు. వేలూరు బజారులో పెద్ద నూలు అంగడి ఆయనది. చుట్టుపక్కల మగ్గాలన్నిటికీ ఆయన దగ్గరి నుంచే నూలు పోయేది. మీసం, జరీ అంచు తువ్వాలు, చేతిలో గొడుగు. వచ్చీ రాగానే మేస్త్రితో, "అప్పా, నాకు ఒక ఇల్లు కావాల" అన్నాడు.

"ఇండ్లు కట్టే మేస్త్రి వేరే ఉండాడయ్యా. నేను మోటారు మేస్త్రిని" అన్నాడు మావాడు.

"తెలుసప్పా. నా ఇల్లు కదలాల. కారు వెనక కట్టుకొని పోయే మాదిరి చిన్న ఇల్లు. లోపల నేను పడుకోవాల. అంతే."

ఎందుకు, ఏమిటి అని మేస్త్రి మెల్లగా కూపీ లాగితే అసలు సంగతి బయటపడింది. షావుకారి కూతుర్ని గుడియాత్తంలో ఒక నేతగాళ్ళ ఇంటికి ఇచ్చారు. ఆ వియ్యంకుడు కూడా కలిగినవాడే, వీధిలో సగం మగ్గాలు ఆయనవే. పెళ్ళైన కొత్తలో షావుకారు వియ్యంకుడి ఇంట్లో ఒక రాత్రి పడుకున్నాడు. తెల్లవారి లేచి, వియ్యంకుడితో, "సమ్మందీ, మీ మంచంలో నల్లులు ఉండాయి" అన్నాడు. ఆ మాట మెల్లగా అని ఉంటే బాగుండేది. బంధువులందరూ కూర్చొని ఇడ్లీలు తింటున్నప్పుడు అన్నాడు. దానికి వియ్యంకుడు, "మా ఇంట్లో నల్లి అనే మాటే లేదు. అవి మీ పక్కచుట్టలో రాయవేలూరు నుంచి వచ్చినాయి" అన్నాడు. నల్లులు ఏ ఊరివో అని ఆ పూటంతా వాదులాడుకున్నారు. ఆఖరికి షావుకారు లేచి, తువ్వాలు దులిపి, "ఇంక మీ ఇంటి కప్పు కింద కాలు పెట్టను. వస్తే నా ఇల్లు వెంట తెచ్చుకోని వస్తా, దాంట్లోనే పడుకుంటా" అని శపథం చేసి వచ్చేశాడు.

కోపంలో అనేశాడు. మొదటి కాన్పు వేలూరులోనే జరిగింది కాబట్టి ఇబ్బంది రాలేదు. రెండో కాన్పు గుడియాత్తంలో జరిగింది. మగబిడ్డ. బిడ్డను తొట్టిలో, అంటే ఉయ్యాలలో, వేసే పండుగకు రమ్మని పిలుపు వచ్చింది. షావుకారికి పోవాలని ప్రాణం కొట్టుకుంటోంది, శపథం అడ్డం ఉంది. భార్య మూతి ముడుచుకొని వంటింట్లో గిన్నెలు ఎత్తి పడేస్తోంది. అందుకని ఇల్లే కట్టించుకోవాలని నిర్ణయించుకున్నాడు.

కట్టాం. ఒక పాత మోటారు ఇరుసు, రెండు చక్రాలు, పైన టేకు చెక్కల పెట్టె, దాని మీద వంపు తిరిగిన రేకు కప్పు. రెండు కిటికీలు, వాటికి తెరలు. లోపల బూరుగు దూది పరుపు, గోడకు దేవుళ్ళ పటాలు, మూలన ఉమ్మిపడిగ. వీధిలో జనం దానికి తోకబండి అని పేరు పెట్టారు. షావుకారు మాత్రం "ఇల్లు" అనే అనేవాడు. "ఇంటికి తాళం వేసినారా?" అని అడిగితే ఏ ఇంటికో మాకు అర్థమయ్యేది కాదు.

అంతా అయ్యాక రంగు దగ్గర తకరారు వచ్చింది. చక్రాలకు ఎర్ర రంగు వేయమన్నాడు. వేశాం. ఇంకో పూత వేయమన్నాడు. వేశాం. నట్లు కూర్చునే చోట మేస్త్రి రంగు తగలకుండా వదిలేస్తే, అది చూసి షావుకారు మొహం మాడ్చుకున్నాడు.

"ఇక్కడ వట్టి ఇనుము కనపడతా ఉండాదే! సమ్మంది చూస్తే నవ్వడా?"

"అయ్యా, ఆడ రంగు ఉండకూడదు. ఇనుము మీద ఇనుము కూర్చోవాల."

"నట్టు వేసినంక కూడా చుట్టూ రొంత కనపడతాది గదప్పా. వేసేయండి. మందంగా వేసేయండి."

మేస్త్రి మద్దెల శ్రుతి గురించి చెప్పబోయాడు. షావుకారు వినలేదు. వేసేశాం, మందంగానే. అది సరిగా ఆరకముందే ముహూర్తం వచ్చిపడింది. శనివారం పొద్దున బయలుదేరాలి. పురోహితుడు వచ్చి, టెంకాయ కొట్టి, ఒక్కొక్క నట్టుకూ గంధం, కుంకుమ పెట్టాడు. పన్నెండు నట్లూ పెళ్ళికొడుకుల్లా తయారయ్యాయి.

మేస్త్రి నన్ను పక్కకు పిలిచాడు. "ఒరే, రంగు అణుగుతాది. అణిగినంక నట్టు వదులవుతాది. కాట్పాడి కాడ ఒకతూరి, లత్తేరి కాడ ఒకతూరి నిలిపి బిగించు. ఎదురెదురుగా. డ్రైవరుగాన్ని ఎగరనీయొద్దు." అని చెప్పి, విడి నట్లు ఒక గుప్పెడు నా సంచిలో పోశాడు. ఆయనకు రంగు మీద అంత నమ్మకం.

ప్రయాణం ఎలా సాగిందంటే, ముందు కారులో డ్రైవరు, వాడి పక్కన నేను, వెనక సీట్లో షావుకారమ్మ, ఆమె ఒళ్ళో పలహారాల గంపలు. షావుకారు మాత్రం తోకబండిలోనే కూర్చుంటానన్నాడు. "నా ఇంట్లో నేను కూర్చోనే పోతా. అప్పుడే గదా ఇంటితో వచ్చినట్టు." బండి ఆపాలంటే ఎలా చెబుతావయ్యా అని అడిగితే, దానికీ ఆలోచించి పెట్టుకున్నాడు. తోకబండి కిటికీలోంచి ఒక తాడు తెచ్చి డ్రైవరు మోచేతికి కట్టాడు. లాగితే ఆపాలి.

పాలారు దాటకముందే తాడు లాగాడు. వక్కాకు కావాలట. దాటగానే మళ్ళీ లాగాడు. వక్కాకులోకి సున్నం తక్కువైందట. ఇంకాస్త దూరం పోయాక, లాగితే పని చేస్తోందో లేదో చూద్దామని లాగాడట. ప్రతిసారీ డ్రైవరు చెయ్యి స్టీరింగు మీద నుంచి ఎగిరిపోయి, కారు రోడ్డు పక్కకు పరిగెత్తేది. షావుకారమ్మ గంపలు కరుచుకొని, "ముక్కోటి దేవతలారా" అనేది.

కాట్పాడిలో ఆపినప్పుడు నేను దిగి నట్లు చూశాను. ఒక్కొక్కటి సగం చుట్టు తిరిగింది. గంధం, కుంకుమ, ఎర్ర రంగు కలిసి పాయసంలా నట్ల పక్కనుంచి బయటికి ఉబికింది. మేస్త్రి చెప్పినట్టే ఎదురెదురుగా బిగించాను. ఇంకా అణుగుతుందని తెలుస్తూనే ఉంది. ఈలోగా డ్రైవరు నాకు తెలియకుండా ఒక పని చేశాడు. మోచేతికున్న తాడు విప్పి, కారు తలుపు పిడికి కట్టేశాడు.

లత్తేరి వచ్చింది. నేను కిటికీలోంచి తల వెనక్కి పెట్టి అరిచాను. "అయ్యా! నట్లు బిగించాల, నిలుపుదుమా?"

తోకబండి కిటికీలోంచి మీసం బయటికి వచ్చింది. "ఏంది?"

"నట్లు! నట్లు!"

"టైమెంత?"

చెప్పాను.

"రాహుకాలం వచ్చేస్తాది రా! రాహుకాలంలో దారిలో ఉండకూడదు. గుడియాత్తం ఎల్లలో ఉండాల. పోనీ, పోనీ! ఆడికి పొయ్యి బిగిద్దాం."

యజమాని పోనీ అంటే డ్రైవరు పోనిస్తాడు. వాడికి రోడ్డు ఖాళీగా దొరికితే ఇంకేమీ అక్కరలేదు. నేను మాత్రం కూర్చున్న చోటే మెడ తిప్పి వెనక్కి చూస్తూ ఉన్నాను. చూసి ఏం చేస్తాను? చక్రం వదులైతే చూపుతో బిగించలేం గదా.

గుడియాత్తం కనబడుతుండగా తోకబండి చిన్నగా వయ్యారం పోవడం మొదలుపెట్టింది. లోపల షావుకారికి ఆ ఊగులాట తెలిసింది. తాడు లాగాడు. లాగి లాగి చూశాడు. కారు తలుపు టకటకమని కొట్టుకుంది.

"ఈ తలుపేంది, ఊడిపోయేటట్టు ఉండాదే" అంది షావుకారమ్మ.

"గాలికమ్మా" అన్నాడు డ్రైవరు.

నేతగాళ్ళ వీధి దగ్గర రోడ్డు కొంచెం పల్లానికి దిగుతుంది. వాడు వేగం తగ్గించాడు. మా కారు పక్కనుంచి ఎర్రటి చక్రం ఒకటి, ఏ తొందరా లేకుండా, మమ్మల్ని దాటి ముందుకు పోయింది.

షావుకారమ్మ దాన్ని చూసి, "అయ్యో పాపం, ఎవురిదో చక్రం ఊడిపోయి వస్తావుండాది. చూడు నాయనా, ఎట్ల మెరస్తావుండాదో. మన చక్రం మాదిరే ఉండాది" అంది.

ఆమె మాట పూర్తికాకముందే వెనక దడేలుమంది. తోకబండి ఒక పక్కకు కూలబడి, ఇరుసుతో నేల దున్నుకుంటూ కొంత దూరం వచ్చి ఆగింది. లోపలినుంచి ఉమ్మిపడిగ దొర్లిన చప్పుడు, ఆ వెనకే షావుకారు గొంతు, "నేను బాగుండా! నేను బాగుండా!" అని. ఎవరూ అడగకముందే చెబుతున్నాడు.

నేను చక్రం వెంట పరిగెత్తాను.

పిల్లలూ, ఆ రోజు నేను ఎందుకంత పరిగెత్తానో చెప్పాలి. ఆ వీధిలో పొద్దున పూట పడుగులు చాచి ఉంటాయి. అంటే, మగ్గానికి ఎక్కించబోయే నిలువు నూలును వీధి పొడుగునా వెదురు కర్రల మీద, నడుమెత్తున చాచి, గంజి పెట్టి, కుంచెలతో దువ్వుతారు. ఒక ఇంటి ఆడా మగా అంతా రోజుల తరబడి చేసిన పని అక్కడ ఎండలో ఆరుతూ ఉంటుంది. చక్రం దాంట్లోకి దూరితే ఎన్ని వేల పోగులు తెగుతాయో, ఎవరి చీరలు పోతాయో. దువ్వేవాళ్ళు చక్రాన్ని చూశారు. కుంచెలు ఎత్తి పట్టుకొని అలాగే నిలబడిపోయారు. ఒక ముసలాయన మాత్రం, "నిల్లు! నిల్లు!" అని చక్రాన్ని అరవంలో ఆగమన్నాడు. దానికి అరవం రాలేదు.

అది పడుగు కిందికి దూరింది. వీధి పొడుగునా, నూలు కింద, తల వంచుకొని పోయే పెద్దింటి కోడల్లా పోయింది. ఒక్క పోగుకు తగల్లేదు. అవతల బయటికొచ్చి, ఒక చిన్న రాయి తగిలి ఎగిరి, వీధి చివర పెద్దింటి గడప దాటి, తెరిచిన తలుపులోంచి లోపలికి పోయింది.

నేను రొప్పుతూ ఆ గడప దగ్గరికి చేరేసరికి, చక్రం నడవ మధ్యలో గిర్రున తిరిగి తిరిగి పడుకుంటోంది. దానికి ఎదురుగా పీట మీద ఒక పెద్దమనిషి, గోచీతో, ఒంటి నిండా నువ్వుల నూనెతో, శనివారపు తలంటుకు సిద్ధంగా కూర్చొని ఉన్నాడు. ఆయన చక్రాన్ని చూశాడు. నన్ను చూశాడు.

"ఎవురిదప్పా ఇది?"

"వేలూరు షావుకారిదయ్యా. వీధి మొదట్లో ఉండారు."

ఆ నూనె మొహం మెల్లగా వెలిగింది. నేను చూసింది ఎవర్నో కాదు, ఆ వియ్యంకుణ్ణే.

"మా సమ్మందిదా! రానన్నాడే! చూడండే, మా సమ్మంది రాకముందే ఆయన చక్రం వచ్చేసినాది!" అని లోపలికి కేక పెట్టాడు. ఇంట్లో పండుగకు వచ్చిన చుట్టాలంతా వచ్చి చక్రం చుట్టూ నిలబడ్డారు.

నేను చక్రం ఎత్తబోయాను. ఆయన నూనె చేత్తో నా చెయ్యి పట్టుకున్నాడు. "ఆగప్పా. అది తనంత తానే నా ఇంటికి వచ్చినాది. విస్తరి వెయ్యకుండా పంపిస్తే మాకు మర్యాదేనా? ఆయన్నే వచ్చి తీసకపొమ్మని చెప్పు. నువ్వు కూర్చో. ఇడ్లీలు వేడిగా ఉండాయి."

నేను వద్దన్నాను. నిజంగానే వద్దన్నాను. కానీ లోపలినుంచి వడల వాసన వచ్చింది. పొద్దున్నుంచి ఏమీ తినలేదు. కూర్చున్నాను.

నేను తిరిగి రాకపోవడంతో షావుకారు డ్రైవరును పంపాడు. డ్రైవరు వచ్చి, "నువ్వేంది ఇక్కడ..." అని మొదలుపెట్టి, నా విస్తరి చూసి, పక్కనే కూలబడ్డాడు. వాడికి కూడా వడ్డించారు. వాడు తినడం మొదలుపెడితే ఆపడం కష్టం. బరువే వాడి కొలత గదా.

కాసేపటికి షావుకారమ్మ వచ్చింది. ఆమె చక్రం మాటే ఎత్తలేదు. గడపలో చెప్పులు విడిచి, నేరుగా లోపలి గదిలోకి పోయి, మనవణ్ణి ఎత్తుకొని ఏడ్చింది. తర్వాత వియ్యపురాలూ ఆమే కలిసి మళ్ళీ ఏడ్చారు. తర్వాత ఇద్దరూ కాఫీ తాగారు.

ఇక వీధి మొదట్లో షావుకారు ఒక్కడే మిగిలాడు. అక్కడ ఏం జరిగిందో నేతగాళ్ళు తర్వాత చెప్పారు. ఆయన కూలబడిన తోకబండిలోంచి దిగలేదట. పరుపు ఒక పక్కకు జారిపోతుంటే, కిటికీ చట్రం పట్టుకొని, ఏటవాలుగా, గొడుగు ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాడట. వీధిలోవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి తెర తొలగించి చూశారు.

"బాగుండాదయ్యా ఇల్లు. రొంత వాలినట్టు ఉండాదే?"

"దాని అమరికే అంత" అన్నాడట.

"దిగి రాండయ్యా, ఎండలో ఎందుకు?"

"రాహుకాలం పొయ్యేదాకా దిగను."

రాహుకాలం పోయింది. చక్రం రాలేదు, మనుషులు రాలేదు. ఆకలి మాత్రం వచ్చింది. పలహారాల గంపలు కారులో ఉన్నాయి, వాటిని షావుకారమ్మ వెంట తీసుకుపోయింది.

మేం రెండో విడత వడలు తింటున్నాం. వీధిలోంచి ఒక అరుపు దగ్గరికొస్తూ వినబడింది. "ఒక చక్రం తెచ్చేదానికి ఎంతమంది పోవాలరా? యాడ సచ్చినారు? పెండ్లామా, నువ్వు గూడానా?" అంటూ గొడుగు ఝాడిస్తూ షావుకారు గడప దాటి, అరుగు దాటి, నడవ మధ్యకు వచ్చేశాడు. అక్కడ ఆగాడు. కింద చక్రం. చుట్టూ మేం, నోటి నిండా వడలు. పైన వియ్యంకుడి కప్పు.

ఆయన కప్పు వైపు చూశాడు. మేం నమలడం ఆపేశాం. నాకైతే, ఇప్పుడు ఈయన ఇలాగే వెనక్కి తిరిగిపోతే, ఈ రెండిళ్ళూ మళ్ళీ ఈ జన్మలో కలవవని తోచింది. వియ్యంకుడు అప్పటికి తలంటుకొని, తడి జుట్టు ఆరబెట్టుకుంటున్నాడు. ఒక్క మాట అంటే చాలు, అంతా చెడిపోయేది. ఆయన ఏమీ అనలేదు. ఆ ఇంట్లో ఆయన నోరు మూసుకోవడం అదే మొదటిసారని తర్వాత తెలిసింది.

లోపలినుంచి షావుకారి కూతురు వచ్చింది. బిడ్డను తండ్రి చేతుల్లో పెట్టింది. గొడుగు కింద పడింది. బిడ్డ కళ్ళు తెరిచి, తాత మీసం పట్టుకొని గుంజాడు.

షావుకారు కళ్ళు చెమర్చాయి. మీసం నొప్పికే అని ఇప్పటికీ ఆయన తరఫువాళ్ళు అంటారు. గొంతు సవరించుకొని, "సమ్మందీ, నేను చక్రం కోసం వచ్చినా. ఇది వచ్చినట్టు లెక్క కాదు" అన్నాడు.

"కాదు, కాదు" అన్నాడు వియ్యంకుడు. "చక్రం కోసం వచ్చినోళ్ళకు గూడా మేం వడ్డిస్తాం. వీళ్ళను అడుగు."

షావుకారు కూర్చున్నాడు. తింటూ తింటూ, తల ఎత్తకుండా, "ఆ నల్లులు..." అన్నాడు.

"రెండు ఊళ్ళవీ ఉండింటాయిలే సమ్మందీ" అన్నాడు వియ్యంకుడు. "పెండ్లి గదా. అవి గూడా కలుసుకోవాలనుకొని ఉంటాయి."

భోజనాలయ్యాక పని మొదలుపెట్టాం. నేతగాళ్ళు భుజాలు పెట్టి తోకబండిని ఎత్తి పట్టుకున్నారు, నేను కింద జాకీ పెట్టాను. బోల్టుల మరలు రెండు చోట్ల నలిగాయి, ఆకురాయితో సరిచేశాను. ఆ తర్వాత కత్తి తీసి, నట్లు కూర్చునే చోట ఎర్ర రంగంతా గీకడం మొదలుపెట్టాను. లోపలి ఇనుము బయటపడింది. షావుకారు నా చెవిలో, "రొంత ఉంచు నాయనా. సమ్మంది చూస్తా ఉండాడు" అన్నాడు.

వియ్యంకుడు అది విని, మొహం అటు తిప్పుకొని, ఆకాశంలోకి చూస్తూ, "నేను చూడలేదప్పా" అన్నాడు. నేను అంతా గీకేదాకా అలాగే నిలబడ్డాడు.

చక్రం ఎక్కించి, మేస్త్రి ఇచ్చిన విడి నట్లు వేసి, చేత్తో ఆనించి, జాకీ దించాను. గట్టిగా బిగించే సమయానికి, మా ఇంటి చక్రం నేనే బిగిస్తానని షావుకారు, మా ఇంటికొచ్చిన చక్రం నేనే బిగిస్తానని వియ్యంకుడు స్పానర్లు లాక్కున్నారు. సరే, ఎలాగూ ఎదురెదురుగానే బిగించాలి గదా అని, ఒకర్ని ఈ పక్క, ఒకర్ని ఆ పక్క కూర్చోబెట్టాను. ఈయన ఒకటి బిగిస్తే ఆయన దాని ఎదురుది బిగించాలి. మొదట బాగానే సాగింది. తర్వాత "నాది నీ దానికంటే గట్టిగా ఉండాది" అని ఒకరు, "యాడ గట్టిగా ఉండాది, చూడు" అని ఇంకొకరు. షావుకారు లేచి స్పానరు మీదికి ఎక్కబోయాడు. డ్రైవరు చప్పట్లు కొట్టాడు. నేను ఇద్దరి చేతుల్లోంచీ స్పానర్లు గుంజుకున్నాను. పెద్దవాళ్ళతో అలా చేయడం నా జీవితంలో అదొక్కసారే. ఎక్కువ బిగిస్తే బోల్టు సాగుతుంది, సాగిన బోల్టు విరుగుతుంది, ఆ తర్వాత ఎంత సంగీతం వచ్చినా లాభం లేదు. పిల్లలూ, ఆ ఒక్కటి మాత్రం ఈ ముసలోడి మాటగా గుర్తుంచుకోండి. మిగతాదంతా వడలే.

తోకబండిని వియ్యంకుడి ఇంటి పక్క దొడ్లోకి తెచ్చి నిలిపాం. అప్పటిదాకా ఎగతాళిగా చూస్తున్న వియ్యంకుడు, ఒకసారి లోపల చూస్తానన్నాడు. షావుకారు గర్వంగా తలుపు తీశాడు. వియ్యంకుడు ఎక్కి, పటాలకు దండం పెట్టి, కిటికీ తెరలు పక్కకు లాగి, పరుపు మీద చెయ్యి వేసి నొక్కి చూశాడు.

"సమ్మందీ, ఒక్క నిమిషం పడుకోని చూస్తునా?"

"చూడు, చూడు. బూరుగు దూది" అన్నాడు షావుకారు.

అంతే. తలంటు, పాయసం, బూరుగు దూది మూడూ కలిస్తే ఏ మనిషి లేస్తాడు? గురక వినబడింది. షావుకారు తలుపు దగ్గర కాసేపు నిలబడ్డాడు. ఆవలించాడు. వియ్యంకుణ్ణి లేపడం మర్యాద కాదు. ఉన్న ఒక్క ఇంట్లోనూ ఆయనే పడుకుని ఉన్నాడు. అటు ఇటు చూసి, ఎవరూ చూడటం లేదనుకొని, మెల్లగా నడవలోకి పోయి, అక్కడి మంచం మీద వాలాడు. కాస్త చూసి, పరుపు ఎత్తి ఒకసారి వెతికి, మళ్ళీ వాలాడు. కాసేపటికి అక్కడ కూడా గురక మొదలైంది. ఆడవాళ్ళు తలుపు దగ్గరికొచ్చి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, ఒకరినొకరు గిల్లుకుంటూ లోపలికి పోయారు.

నాకు మాత్రం ఒక పని మిగిలింది. రంగు గీకినా, చక్రం వీధి పొడుగునా కొంత దూరం తిరిగి వచ్చింది గదా. కొత్తగా వేసిన నట్లు, ఒకసారి చూడకుండా వదిలేస్తే మళ్ళీ ఎవరింట్లో దూరుతుందో. స్పానరు తీసుకొని దొడ్లోకి పోయి, చప్పుడు కాకుండా చక్రం పక్కన కూర్చొని, ఒకటి, దాని ఎదురుది, మెల్లమెల్లగా పట్టి చూశాను. నేను పట్టినప్పుడల్లా తోకబండి అటూ ఇటూ కదిలింది. లోపల గురక ఆగిపోయింది. పెద్దాయన నిద్ర చెడగొట్టానని స్పానరు అక్కడే ఆపేశాను.

కిటికీ తెర వెనకనుంచి మత్తుగా ఒక గొంతు వచ్చింది.

"ఎవురు నాయనా అది? నిలిపేసినావే? రొంత అట్నే ఊపు."